పాతకాలపు గిటారు నాదం కావాలంటే: పొట్టి తీగా, పొడుగు తీగా?

హన్మకొండలో కూర్చుని ఆన్‌లైన్‌లో ఎలక్ట్రిక్ గిటారు ఎంచుకునేవాళ్లకు ఫొటోలో కనపడని తేడా ఒకటుంది. అది తీగ పొడవు. పాత రికార్డుల నాదం కోసం కొనేవాళ్లు ముందు దాన్నే చూసుకోవాలి.

1. నట్ నుంచి పన్నెండో ఫ్రెట్ దాకా టేపుతో కొలిచి రెట్టింపు చేయండి. అదే తీగ పొడవు. ఫెండర్ స్ట్రాటోకాస్టర్, టెలికాస్టర్‌లకు 25.5 అంగుళాలు, గిబ్సన్ లెస్ పాల్‌కు 24.75, ఫెండర్ జాగ్వార్, మస్టాంగ్‌లకు 24. ఆన్‌లైన్ వివరాల్లో ఈ అంకె లేకపోతే అడిగాకే డబ్బు కట్టండి.

2. మీకు ఇష్టమైన పాత పాట ఏదో తేల్చుకోండి. 1960లో షాడోస్ బృందం ‘అపాచీ’కి హాంక్ మార్విన్ వాయించింది పూర్తి పొడవు స్ట్రాటోకాస్టర్. బీటిల్స్ తొలి రోజుల్లో జాన్ లెనన్ పట్టుకున్న రికెన్‌బాకర్ 325 తీగ 20.75 అంగుళాలే. రెండూ పాత నాదాలే! పొట్టి గిటారైతేనే పాత సౌండ్ వస్తుందన్న మాట నమ్మకండి. ఖంగుమని విడివిడిగా మోగాలంటే పొడుగు తీగ, గుండ్రంగా మెత్తగా పలకాలంటే పొట్టి తీగ.

3. శ్రుతి, తీగ మందం మారకుండా పొడవు 25.5 నుంచి 24కు తగ్గితే బిగువు సుమారు 11 శాతం పడిపోతుంది. వేలితో తీగను లాగడం తేలికవుతుంది. గమకాలు పలికించాలనుకునేవాళ్లకు ఇది పెద్ద సాయం. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ జంట తీగలు వదిలేసి, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని నిండుగా పలికించారు. ఆ తీగ పొడవు గిటారు తీగలో సుమారు సగమే. పొట్టి వాద్యమని చిన్నచూపు చూసేవాళ్లు ఆయన కచేరీ ఒక్కటి వినాలి.

4. 24 అంగుళాల గిటారుకు 9 నంబరు తీగలు వద్దు, వదులుగా కొట్టుకుంటాయి. 10 గానీ 11 గానీ వేయండి. 11 వేసేముందు నట్ గాడిలో అవి పడతాయో లేదో చూడండి. పాతవాళ్లు చాలామంది లావు తీగలే వాడారు, నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగలు కూడా. నన్నడిగితే, కొత్త గిటారు కొనేముందు ఉన్నదానికే ఒక ఫ్లాట్‌వౌండ్ సెట్ వేసి వినండి. తీగ పొడవు కంటే ఈ మార్పే చెవికి ముందు తెలుస్తుంది.

5. 25.5 అంగుళాల దానితో పోలిస్తే 24 అంగుళాల గిటారులో మొదటి ఫ్రెట్ దాదాపు 2 మిల్లీమీటర్లు ఇరుకు. పిల్లలకు, చిన్న చేతులవాళ్లకు హాయి. లావు వేళ్లకు పై ఫ్రెట్లలో ఇబ్బంది.

6. పికప్ సింగిల్ కాయిలా, హంబకరా చూడండి. స్క్వయర్ సోనిక్ మస్టాంగ్ రెండు రకాలుగానూ వస్తుంది. పాత నాదానికి సింగిల్ కాయిల్ తీసుకోండి. అది ఇంట్లోని కరెంటు గుంయ్‌మనే మోతను కూడా పట్టేస్తుంది. ఆంప్లిఫైయరుకు మూడు పిన్నుల ప్లగ్గు వాడి, ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. ఫ్యాన్ రెగ్యులేటరుకు దూరంగా కూర్చోండి.

7. వరంగల్ ఎన్‌ఐటీ విద్యార్థుల ఉత్సవం స్ప్రింగ్‌స్ప్రీ లాంటి చోట వేదిక మీద డ్రమ్స్ పక్కన నిలబడి వాయించేవాళ్లకు 25.5 మేలు. మంద్ర తీగలు స్పష్టంగా వినిపిస్తాయి, శ్రుతి దించినా జారిపోవు.

8. మే నెల ఎండలో ఏ గిటారునూ కారులో వదలకండి. బిగువు తక్కువున్న తీగ శ్రుతి ఇంకా తొందరగా తప్పుతుంది. వాయించే గదిలో పావుగంట ఉంచాకే శ్రుతి చేయండి.