ఆరోగ్య భీమా నిధియు స్థానిక సేవా సంఘములును
(ఉత్తర కరోలినా రాష్ట్రపు అనుభవము)

2007 ఏప్రిల్ 1వ తేదీన ఆంధ్రప్రదేశమున ఆరోగ్యశ్రీ పథకము ప్రారంభమైన నాటనుండి, శస్త్రచికిత్స వ్యయమునకై పొలము తాకట్టు పెట్టవలసిన అవస్థ అనేక కుటుంబములకు తప్పినది. కాని రోగి ఆసుపత్రి విడిచి యిల్లు చేరిన పిమ్మట సంగతి యేమి? మధుమేహమువలన కాలికి పుండుపడి చికిత్స పొందిన రైతు, ఇంటికి వచ్చి మూడు పూటలను వట్టి బియ్యపన్నమే తినుచున్నచో, ఉబ్బసపు బిడ్డ చెమ్మగిలిన గదిలోనే పండుకొనుచున్నచో, మఱల పరీక్షకు పట్టణము పోవుటకు బండి కిరాయి లేకున్నచో, ఆ రోగి తిరిగి ఆసుపత్రికే చేరును. అప్పటి వ్యయము మొదటిదానికంటె హెచ్చు. వైద్యునికి చెల్లించుటకు నిధి కలదు. కూరగాయలకు, గోడకు, బండికి లేదు.

2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము, చికిత్సానంతరపు విశ్రాంతి కాలమునకు దినమునకు 225 రూపాయల వంతున, నెలకు 5,000 రూపాయలకు మించకుండ భృతి నొసగ నారంభించెను. అది నగదు రూపమగు సహాయము. రోగికి కావలసిన వస్తువును గాని పనిని గాని స్థానిక సంఘముచే సమకూర్పించి, దాని వెలను భీమా నిధినుండి ఆ సంఘమునకు చెల్లించు పద్ధతి మఱియొకటి కలదు. అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రము 2022 మొదలు 2025 వఱకు దీనిని నడిపి చూచెను. ఈ మాసము దానిని విచారింతము.

గుంటూరు ప్రాంతమున వర్జీనియా పొగాకు పండించు మన రైతులకు ఆ రాష్ట్రము పేరు క్రొత్తది కాదు; ఆ జాతి పొగాకునకు అది పెద్ద నిలయము. అమెరికాలో 1965లో బీదలకొఱకు మెడికెయిడ్ అను భీమా ఏర్పడినది. దాని వ్యయమును కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వములు పంచుకొనును. ఆ సొమ్ము సామాన్యముగ వైద్యమునకే చెల్లును. 2018 అక్టోబరులో కేంద్రము ఈ నియమమును సడలించి, ఆహారము, గృహము, ప్రయాణము, గృహహింసనుండి రక్షణము అను వానికై 65 కోట్ల డాలర్ల వఱకు ప్రయోగముగ వ్యయపఱచుటకు అనుమతించెను. రాష్ట్రమంతటను గాక మూడు ప్రాంతములందు, 33 జిల్లాలలో మాత్రమే దీనిని పెట్టిరి. ఒక ప్రాంతము పడమటి కొండలలోనిది. తక్కిన రెండును తూర్పు వైపువి. 2022 మార్చి 15న ఆహారపు సేవలును, మే నెలలో గృహ, ప్రయాణ సేవలును మొదలైనవి.

పని జరిగిన తీరు ఇట్లుండెను. రోగికి మెడికెయిడ్ ఉండవలెను. ఆరోగ్యపు ఇబ్బంది ఒకటియైనను, జీవనపు లోటు ఒకటియైనను ఉండవలెను. రోగుల మంచిచెడ్డలు కనుగొను ఉద్యోగి విచారించి, భీమా సంస్థ అనుమతి పొంది, కంప్యూటరు ద్వారా స్థానిక సంఘమునకు ఉత్తరువు పంపును. ఆ సంఘము కూరగాయల పెట్టెను ఇంటికి చేర్చును. లేదా ఉబ్బసపు బిడ్డ యుండు గదిలో బూజును తొలగించి గోడలు బాగుచేయించును. పిమ్మట బిల్లు పంపి సొమ్ము పుచ్చుకొనును. ఏ సేవకు ఎంత వెలయో రాష్ట్రమే ధరల పట్టికగా ప్రకటించెను. మా యభిప్రాయమున ఈ పట్టికయే పథకమునకు వెన్నెముక. ఏటేట దాతల గుమ్మముల కడ నిలిచిన సంఘము, తాను చేసిన పనికి బిల్లు వ్రాసి యిచ్చు సంఘమాయెను.

అయినను సరకు ముందు, సొమ్ము తరువాత. మన ప్రాథమిక సంఘముల కార్యదర్శులకు ఈ చిక్కు వివరించి చెప్పనక్కఱలేదు. కూరగాయలు కొనుటకు, వ్యానునకు, శీతల గదికి, గుమాస్తా జీతమునకు నేడే రొక్కము కావలెను. బిల్లు సొమ్ము ఎన్నడో వచ్చును. ఆ సంఘములలో పెక్కు అంతకు ముందు భీమా సంస్థకు ఒక్క బిల్లైనను వ్రాసి యెఱుగవు. రోగి వివరములు గుట్టుగ నుంచు నేర్పును క్రొత్తదే. (పల్లెలో ఎవరి జబ్బు ఎవరికి తెలియదనుకొందుము గాని, రచ్చబండ కడ తెలియనిది లేదు.) కావున ప్రాంతమునకొక పెద్ద సంస్థను ఏర్పఱచిరి. సంఘములతో ఒడంబడికలు, లెక్కల శిక్షణము, బిల్లుల తనిఖీ దాని పనులు. సంఘములు నిలద్రొక్కుకొనుటకు కొంత ధనమును ముందుగనే దానిచేత ఇప్పించిరి. మన కేంద్ర సహకార బ్యాంకునకును ప్రాథమిక సంఘమునకును గల సంబంధము వంటిదే యిది. కొన్ని ఆహార సంఘములు ఆ చుట్టుపట్ల చిన్న రైతులవద్దనే కూరగాయలు కొన్నవి. రోగికి తాజా కూర, రైతునకు నిలుకడ బేరము.

ఫలితము నిదానముగ కనబడినది. మొదట వ్యయము పెరిగెను. పెట్టెలకును మరమ్మతులకును సొమ్ము పోవును గదా. రాను రాను అది తగ్గెను. 2024లో వెలువడిన మధ్యంతర పరిశీలనము, ఒక్కొక్కరిపై నెలకు సుమారు 85 డాలర్ల వైద్యవ్యయము తగ్గినట్లు అంచనా కట్టెను. అత్యవసర చికిత్సకై ఆసుపత్రికి పరుగెత్తుటయు తగ్గెను.

2024 డిసెంబరులో కేంద్రము పథకమును మఱి అయిదేండ్లు పొడిగించుటకు సమ్మతించెను. కాని రాష్ట్ర శాసనసభ తన వంతు ధనమును కేటాయింపలేదు. 2025 జూలై 1న సేవలు నిలిచిపోయినవి. ఫలితము చెడి నిలిచినది కాదు. చెల్లించు చేయి ఒక్కటే యగుటచే, అది ముడుచుకొనగనే అంతయు నిలిచినది. ఈ రాబడినే నమ్మి పనివారిని, బండ్లను సమకూర్చుకొన్న సంఘములు, వానికి పంట అమ్మిన రైతులు హఠాత్తుగ చిక్కుబడిరి. అట్టి సంఘముల రాబడిలో ఎంత భాగము భీమా నిధినుండి రావలెను, ఎంత సొంత వాటాధనమునుండియు వ్యాపారమునుండియు రావలెను అను ప్రశ్న అక్కడ ఆలస్యముగ పుట్టినది.

మన జిల్లాలలో ఇట్టి యేర్పాటు వచ్చినచో బిల్లు చెల్లువఱకు రొక్కము ఎవరు పెట్టవలెను, ధరల పట్టికను ఏటేట ఎవరు సవరింపవలెను, రోగి గుట్టు ఎవరి బాధ్యత, అను నీ మూడింటిని సభ్యులు తమ మహాసభలలో చర్చించి, తమ నిర్ణయములను మాకు వ్రాసి పంపినచో రాబోవు సంచికలలో ప్రకటింతుము.