ప్రైమరీల వేళ మీ గ్రూపు ఎటు మొగ్గుతోంది? లెక్క కట్టే పద్ధతి

2020 ఫిబ్రవరి 11న న్యూహాంప్‌షైర్ డెమొక్రాటిక్ ప్రైమరీలో జో బైడెన్ అయిదో స్థానంలో మిగిలారు. వచ్చిన ఓట్లు 8 శాతం చిల్లర. ఇక ఆయన పని అయిపోయిందని చాలామంది తేల్చేశారు. మార్చి 3న, సూపర్ ట్యూస్‌డే నాడు, 14 రాష్ట్రాల్లో 10 ఆయనే గెలిచారు. మధ్యలో గడిచింది మూడు వారాలు. ఫిబ్రవరి 26న సౌత్ కరోలినాలో అక్కడి కాంగ్రెస్ సభ్యుడు జిమ్ క్లైబర్న్ ఆయనకు మద్దతు పలికారు. 29న అక్కడ బైడెన్‌కు దాదాపు 49 శాతం ఓట్లు పడ్డాయి. మార్చి 1న పీట్ బుటిజెజ్, ఆ మర్నాడు ఎమీ క్లోబుషార్ బరిలోంచి తప్పుకుని ఇద్దరూ బైడెన్ పక్షం చేరారు. ఇదంతా వారం తిరక్కుండానే జరిగిపోయింది.

నవంబరు ఎన్నికల్లో జనం ఇంత వేగంగా మారరు. అక్కడ పార్టీ మనిషిని పట్టి ఉంచుతుంది. ప్రైమరీలో పోటీపడేది ఒకే పార్టీవాళ్లు. వాళ్లలో ఒకరిని వదిలి ఇంకొకరి వైపు వెళ్లడానికి ఎవరూ మనసు చంపుకోనక్కర్లేదు. అందుకే ఒక పార్టీ అభిమానులు కూడిన గ్రూపులో ఎవరి బలం ఎప్పుడు పెరిగింది, ఎవరి ఓట్లు ఎవరికి బదిలీ అయ్యాయి అన్నది జాగ్రత్తగా గమనిస్తే చాలా తెలుస్తుంది. ఎడిసన్‌లోనో ఫ్రిస్కోలోనో ఉంటూ, తోటి తెలుగువాళ్లతో రాజకీయాల వాట్సాప్ గ్రూపు నడుపుతూ, 2028 ప్రైమరీలకు ఈ పని సక్రమంగా చేయాలనుకునేవారి కోసం ఇది రాస్తున్నాను. పెద్ద గణితం అక్కర్లేదు. ఎక్సెల్‌లో కూడికలు వస్తే చాలు, ఓపిక మాత్రం కావాలి.

ముందు ఎవరిని అడుగుతున్నారో తేల్చుకోండి

మన గ్రూపుల్లో హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు, గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నవాళ్లు, పౌరసత్వం వచ్చినవాళ్లు అందరూ కలిసే ఉంటారు. అందరికంటే గట్టిగా వాదించే మనిషికి ఓటే ఉండకపోవచ్చు. ఆయన అభిప్రాయానికి విలువ లేదని కాదు. దాన్ని వేరే గడిలో వేయాలి. ఈ సర్వే కొన్ని విడతలుగా సాగుతుంది; కాబట్టి మొదటి విడతలోనే మూడు సంగతులు అడగండి: ఈ ప్రైమరీలో ఓటు హక్కు ఉందా, ఏ రాష్ట్రం, ఓటరుగా నమోదయ్యారా. న్యూయార్క్, పెన్సిల్వేనియాల్లో ఆ పార్టీ పేరున నమోదైనవాళ్లకే ప్రైమరీ ఓటు. టెక్సాస్, జార్జియాల్లో పార్టీ నమోదు అంటూ లేదు; పోలింగ్ నాడు ఏ పార్టీ బ్యాలెట్ కావాలో అడిగి తీసుకోవచ్చు. వీసా వివరాలు మాత్రం అడగొద్దు. ‘ఓటు ఉంది’, ‘లేదు’ అన్న రెండు జవాబులు చాలు. అంతకుమించి అడిగితే జనం భయపడతారు, ఆ భయం సహేతుకమే.

ప్రశ్న ఒకసారి రాశాక మార్చొద్దు

‘ఈరోజే మీ రాష్ట్రంలో ప్రైమరీ జరిగితే మీరు ఎవరికి ఓటేస్తారు?’ ఇదీ అసలు ప్రశ్న. రెండో విడతలో దీన్ని ‘మీకు ఎవరు నచ్చారు?’ అని మార్చారంటే, వచ్చిన తేడా జనం మారినందువల్లనో ప్రశ్న మారినందువల్లనో ఎవరూ చెప్పలేరు. ‘ఎవరు గెలుస్తారు?’ అన్నది వేరే ప్రశ్న. అడగదలిస్తే విడిగా, చివర్లో అడగండి.

అసలు ప్రశ్నకు రెండు ఉపప్రశ్నలు చేర్చండి. ‘మీ అభ్యర్థి తప్పుకుంటే ఎవరికి వేస్తారు?’ అన్నది మొదటిది. ‘ఈ నిర్ణయం ఖాయమా, మారే అవకాశం ఉందా?’ అన్నది రెండోది. ‘ఇంకా తేల్చుకోలేదు’ అన్న జవాబు తప్పనిసరిగా ఉండాలి. గోడ మీద పిల్లుల్ని బలవంతాన ఒక పక్కకు దించితే వచ్చే నెల వాళ్లు పక్క మార్చినట్టు కనిపిస్తారు, నిజానికి వాళ్లు ఉన్నచోటే ఉన్నా.

వాట్సాప్ పోల్ వద్దు

చేతిలో ఉన్న సాధనం అదే గనక అందరూ అదే వాడతారు. కానీ గ్రూపు పోల్‌లో ఎవరు దేన్ని నొక్కారో సాధారణంగా అందరికీ కనిపిస్తుంది. పెద్దాయన ఒకరు ముందుగా నొక్కితే ఆయన మాట కాదనలేనివాళ్లు వెనకే నొక్కుతారు. ఒకటికి మించి జవాబులు నొక్కే వీలు మనం ఆపితే తప్ప తెరిచే ఉంటుంది. జవాబు మార్చుకుంటే పాతది చెరిగిపోతుంది. మనకు కావలసిందే ఆ పాతది కదా.

గూగుల్ ఫామ్ మేలు. ఒకరికి ఒకే జవాబు అన్న నిబంధన పెట్టండి. దానికి గూగుల్ ఖాతాతో లోపలికి రావలసి ఉంటుంది. ఈమెయిల్ సేకరించే మీట ఆపి ఉంచితే ఆ చిరునామా మీకు కనపడదు. ఈ ముక్క గ్రూపులో ముందే చెప్పండి. అభ్యర్థుల పేర్ల వరుస ఒక్కొక్కరికి ఒక్కో రకంగా వచ్చేలా చేయండి. జవాబిచ్చాక మొత్తం ఫలితాలు కనిపించే వీలు మూసేయండి.

ఒకే మనిషిని మళ్లీ మళ్లీ గుర్తుపట్టాలి, పేరు తెలియకుండా

ఈ పద్ధతికి ప్రాణం ఇక్కడుంది. 1940లో పాల్ లాజర్స్‌ఫెల్డ్ బృందం ఒహాయో రాష్ట్రంలోని ఈరీ కౌంటీలో 600 మందిని ఎంచుకుని, మే నుంచి నవంబరు దాకా నెలనెలా ఆ మనుషులనే కలిసి మాట్లాడింది. ప్రతిసారీ కొత్తవాళ్లను అడిగితే మొత్తాలు మాత్రమే దొరుకుతాయి. ఆ మనుషులనే అడిగితే ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లారో దొరుకుతుంది.

పేర్లు అడిగితే నిజం చెప్పరు. ఒక గుర్తు కట్టుకోమనండి: అమ్మ పుట్టింటి ఊరి మొదటి అక్షరం, మీరు పుట్టిన తేదీ, నాన్న పేరులో మొదటి అక్షరం. అమ్మది గుడివాడ, పుట్టింది 17న, నాన్న రామారావు అయితే ‘గు17రా’. ఎవరూ దీన్ని మరిచిపోరు, రాసుకోనక్కర్లేదు. ఫోన్ నంబరు చివరి అంకెలు మాత్రం వాడొద్దు. గ్రూపు నడిపేవారి దగ్గర అందరి నంబర్లూ ఉంటాయి గనక ఆ గుర్తు గుట్టు దాచదు.

ఎప్పుడు అడగాలి

తొలి పోటీలకు ముందు ఒక విడత, ఆ తర్వాత ప్రతి పెద్ద మలుపుకూ ముందొకటి, వెనకొకటి. మీ గ్రూపు ఎక్కువగా టెక్సాస్‌వాళ్లదైతే సూపర్ ట్యూస్‌డేకు ముందే అసలు పని పూర్తికావాలి. న్యూజెర్సీవాళ్లకు ప్రైమరీ సాధారణంగా జూన్‌లో వస్తుంది. అప్పటికి సగంమంది అభ్యర్థులు ఇంటికి వెళ్లిపోయి ఉంటారు, కాబట్టి అక్కడ రెండో ఎంపిక ప్రశ్నే ముఖ్యమైపోతుంది.

ఫలితం వచ్చిన రాత్రే అడగొద్దు. 2008 జనవరి 3న అయోవాలో బరాక్ ఒబామా గెలిచారు. అయిదు రోజులకు న్యూహాంప్‌షైర్. ఆ మధ్యలో పత్రికల సర్వేలు ఒబామాదే పైచేయి అన్నాయి. గెలిచింది హిల్లరీ క్లింటన్, 39 శాతంతో. గెలుపు వేడి మీద ఉన్నవాళ్లు వెంటనే జవాబిస్తారు, ఓడినవాళ్లు ఫోను పక్కన పడేస్తారు. రెండు మూడు రోజులు ఆగండి. ప్రతి విడతనూ ఒకేలా, గురువారం ఉదయం నుంచి ఆదివారం రాత్రి దాకా తెరిచి ఉంచండి. వారాంతం కలిస్తే తప్ప మనవాళ్లలో సగంమందికి తీరిక దొరకదు.

ఇక పట్టిక

ఒక ఊహా గ్రూపును తీసుకుందాం. రెండు విడతల్లోనూ జవాబిచ్చినవాళ్లు 100 మంది. మొదటి విడతలో ‘క’ అనే అభ్యర్థికి 40, ‘గ’ అనే అభ్యర్థికి 35, తేల్చుకోనివాళ్లు 25. రెండో విడతలో క 41, గ 38, తేల్చుకోనివాళ్లు 21. చూసినవాళ్లు ఏమంటారు? పెద్దగా ఏమీ కదల్లేదు, నలుగురు తేల్చుకున్నారు అంతే, అంటారు.

గుర్తుల్ని పక్కపక్కన పెట్టి లెక్కేయండి. అడ్డవరుసల్లో మొదటి విడత జవాబు, నిలువు వరుసల్లో రెండో విడత జవాబు. ఇలా తేలిందనుకోండి:

క నుంచి: క దగ్గరే 30, గ వైపు 7, సందేహంలోకి 3.
గ నుంచి: గ దగ్గరే 24, క వైపు 8, సందేహంలోకి 3.
తేల్చుకోనివాళ్ల నుంచి: క వైపు 3, గ వైపు 7, ఇంకా తేల్చుకోనివాళ్లు 15.

నిలువుగా కూడితే అవే 41, 38, 21 వస్తాయి. కానీ ఉన్నచోటు మారినవాళ్లు నలుగురు కాదు, 31 మంది. ‘క’కు ఒక్క ఓటు పెరిగిందని సంబరపడే లోపల ఆయన తన 40 మందిలో 10 మందిని పోగొట్టుకున్నారు. కొత్తగా తేల్చుకున్న 10 మందిలో ఏడుగురు ‘గ’ను ఎంచుకున్నారు. ‘గ’ మద్దతుదారుల్లో 8 మంది ‘క’ వైపు వెళ్లకపోతే కథ వేరే. ఆ 8 మంది ఎందుకు వెళ్లారన్నది ఆ వారంలో జరిగిన డిబేటులోనో, వచ్చిన వార్తలోనో వెతకాలి. మొత్తాలు ఎంతసేపు చూసినా ఈ ప్రశ్న పుట్టనే పుట్టదు. అందుకే పైపైన కనిపించే స్థిరత్వాన్ని నమ్మొద్దని నేను గట్టిగా చెబుతాను.

ఇదే పట్టికలో నాలుగో నిలువు వరుస ఒకటి చేర్చండి: ‘ఈసారి జవాబివ్వలేదు’. ‘గ’ వాళ్లలో పదిహేను మంది ఒక్కసారిగా మౌనం వహిస్తే, అది మద్దతు పోవడం కాకపోవచ్చు, మనసు కష్టపెట్టుకోవడం కావచ్చు. వాళ్లను లెక్కలోంచి తీసేసి ‘గ బలం పడిపోయింది’ అని ప్రకటించడం అన్యాయం. గ్రూపులో ఇలాంటి మెత్తని మాట ఒకటి పెట్టండి: ‘అందరికీ నమస్కారం. మూడో విడత ప్రశ్నలు ఆదివారం రాత్రి 9 దాకా తెరిచి ఉంటాయి. మీ అభ్యర్థి గెలిచినా ఓడినా మీ జవాబు మాకు ఒకటే విలువ.’

100 మందిలో ఒక మనిషి అంటే ఒక శాతం. 41.3 లాంటి అంకెలు రాయకండి. ఒకరిద్దరి తేడాను గాలి మళ్లడం అనకండి.

అభ్యర్థి తప్పుకున్నప్పుడు

రెండో ఎంపికకు ఎంత బలం ఉంటుందో 2020 ఫిబ్రవరి 3 నాటి అయోవా కాకస్ (ఓటర్లు ఒకచోట కూడి అభ్యర్థిని ఎంచుకునే సభ) చూపించింది. అప్పటి పద్ధతిలో, ఒక కాకస్‌లో సాధారణంగా 15 శాతం రాని అభ్యర్థి మనుషులు మరొకరి వైపు వెళ్లే వీలుండేది. మొదటి లెక్కలో బెర్నీ శాండర్స్‌కు 43 వేల చిల్లర, బుటిజెజ్‌కు 37 వేల చిల్లర. చివరి లెక్కకు శాండర్స్ 45 వేల చిల్లరకు చేరితే బుటిజెజ్ 43 వేలు దాటారు. ఇద్దరూ పెరిగారు, కానీ రెండో ఎంపికగా బుటిజెజ్‌నే ఎక్కువమంది తీసుకున్నారు.

మీ గ్రూపులో ఒక అభ్యర్థి తప్పుకోగానే, అతని మనుషులు ముందు విడతలో చెప్పిన రెండో ఎంపికనూ ఇప్పుడు నిజంగా చేరినచోటునూ పోల్చండి. తేడా తప్పకుండా ఉంటుంది. తప్పుకున్న నాయకుడు ఎవరికి మద్దతు ప్రకటించాడన్నది ఆ తేడాలో ఎంత పనిచేసిందో అక్కడ కనిపిస్తుంది.

గుంపుగా వచ్చేవాళ్లు

2011 ఆగస్టులో అయోవాలోని ఏమ్స్‌లో రిపబ్లికన్ల నమూనా పోలింగ్ జరిగింది. 30 డాలర్ల టికెట్ కొంటే ఓటు. ఆ టికెట్లు ప్రచార బృందాలే కొని పంచేవి. మిషెల్ బాక్‌మన్ 4,823 ఓట్లతో గెలిచారు, 152 ఓట్ల తేడాతో రాన్ పాల్ రెండోవారు. మూడో స్థానం దక్కిన టిమ్ పాలెంటీ మర్నాడే పోటీ విరమించుకున్నారు. అయిదు నెలలు తిరక్కముందే అసలు కాకస్‌లో బాక్‌మన్ ఆరో స్థానానికి పడిపోయారు. మీ గ్రూపులోనూ విడత తెరిచిన రోజే కొత్త సభ్యులు పదిమంది చేరి, పదిమందీ ఒకే పేరు నొక్కితే అది మద్దతు పెరగడం కాదు. వాళ్ల జవాబులు తీసుకోండి, కానీ ‘కొత్తవారు’ అన్న వేరే వరుసలో ఉంచండి.

ఫలితం చెప్పేటప్పుడు

2003 జూన్‌లో మూవ్‌ఆన్ అనే ఉదారవాద సంస్థ సభ్యులు డెమొక్రాటిక్ అభ్యర్థులపై ఆన్‌లైన్‌లో ప్రైమరీ జరుపుకున్నారు. 3,17,000కు పైగా ఓట్లు పడ్డాయి. హోవర్డ్ డీన్‌కు దాదాపు 44 శాతం, జాన్ కెర్రీకి 16 శాతం లోపు. ఏడు నెలలకు అయోవాలో కెర్రీ గెలిచారు, డీన్ 18 శాతంతో మూడో స్థానంలో ఆగిపోయారు. మూడు లక్షల మంది పాల్గొన్నా అది ఆ సంస్థ సభ్యుల మాటే తప్ప పార్టీ ఓటర్ల మాట కాలేదు. మీ వంద మంది మాట అమెరికా తెలుగువాళ్ల మాట కాదు, కనీసం మీ కౌంటీ తెలుగువాళ్ల మాటైనా కాదు. శీర్షికలోనే ‘మా గ్రూపులో రెండు విడతల్లోనూ జవాబిచ్చిన 100 మందిలో’ అని రాయండి. విడత మూసేదాకా ఒక్క అంకె కూడా బయటపెట్టకండి, సన్నిహితులు అడిగినా సరే.

చివరి విడత మీ రాష్ట్రంలో పోలింగ్ ముగిసిన వారంలో పెట్టండి. అప్పుడు ప్రశ్న ‘ఎవరికి వేస్తారు?’ కాదు, ‘ఓటేశారా? ఎవరికి?’ అన్నది. నెలల తరబడి ‘ఖాయం’ అన్నవాళ్లలో ఎంతమంది పోలింగ్‌కు వెళ్లారో, ‘మారవచ్చు’ అన్నవాళ్లలో ఎంతమంది నిజంగా మారారో ఆ పట్టికలో తేలుతుంది. ఆ లెక్క అయిపోయాక గుర్తులున్న వరుస చెరిపేసి, మొత్తాల పట్టికలు మాత్రం దాచుకోండి.