వరద మట్టపు రేఖాచిత్రము : ‘ఆర్’ భాషలో దాని రూపకల్పన

గణాంకశాస్త్రము చదువు విద్యార్థులకు ‘ఆర్’ అను కంప్యూటరు భాష నేడు పరిచితమే. అమెరికాలోని బెల్ పరిశోధనాలయములో జాన్ చాంబర్స్, ఆయన సహచరులు 1976లో ‘ఎస్’ అను భాషను రూపొందింప నారంభించిరి. దాని ఒరవడిలో న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయ అధ్యాపకులు రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ 1990 దశకపు తొలినాళ్లలో ‘ఆర్’ను నిర్మించిరి. 1.0.0 సంఖ్య గల దాని రూపము 2000 ఫిబ్రవరి 29న వెలువడినది. వెల లేకుండ లభించుట దీని మొదటి ఆకర్షణ. రెండవది, చిత్రములు గీయుటలోని సౌలభ్యము. సంఖ్యల పట్టికను అందించి ‘ప్లాట్’ అను ఒక్క ఆదేశము వ్రాసినచో క్షణములో బొమ్మ తెరమీద నిలుచును.

ఈ సౌలభ్యమే ఒక చిక్కును కూడ తెచ్చుచున్నది. మనము ఏమియు చెప్పనప్పుడు అక్షముల హద్దులు, గీత మందము, బిందువు ఆకారము, రంగు, అంకెల దిశ అన్నిటిని యంత్రము తనంతట తానే నిర్ణయించును. ఆ నిర్ణయములు ఎల్లరకును పనికివచ్చు సగటు నిర్ణయములు. ఆ సంఖ్యలు నదివో, ధరలవో, మార్కులవో యంత్రమెరుగదు. అందుచేత బొమ్మ రూపమును మార్చుట అలంకారము కొరకని తలచుట పొరపాటు. ఐనవిల్లి ప్రాంతపు వారికి మిక్కిలి పరిచితమైన గోదావరి వరదనే ఉదాహరణగా గైకొని ఈ సంగతిని పరిశీలింతము.

ముక్తేశ్వరము రేవున నిలిచినవారికి ఆవలి ఒడ్డున కోటిపల్లి కనిపించును. నడుమ గౌతమి. వర్షాకాలమున ఇచ్చటి లంకలవారు చెవియొగ్గి వినునది ధవళేశ్వరము బ్యారేజి వద్ద నీటిమట్టమును. అచ్చట 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది జారీ చేయుదురు. పశువులను గట్టుమీదికి తోలుట, ధాన్యము తరలించుట, పడవ మాట్లాడుకొనుట ఈ మూడు అంకెలతో ముడివడిన పనులు. కాబట్టి ధవళేశ్వరపు మట్టమును గీయు బొమ్మ ఏదైనను ఈ మూడింటిని చూపక తప్పదు.

ఒక వారము మట్టములు 9.2 నుండి 11.1 అడుగుల వరకు ఉన్నవనుకొందము. ‘ఆర్’ ఏమి చేయును? కనిష్ఠ గరిష్ఠములను తీసికొని, ఇరువైపుల నూటికి నాలుగు వంతుల చోటు విడిచి, ఆ మేరకే నిలువు అక్షమును గీయును. రెండడుగులకు లోపడిన పెరుగుదల బొమ్మ అడుగునుండి శిఖరము దాక ఎగబ్రాకి, చూచువానికి మహాప్రళయమువలె తోచును. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. హెచ్చరిక రేఖ కొరకు ‘ఎబిలైన్’ అను ఆదేశముతో 11.75 వద్ద అడ్డగీత గీయుమంటిమి. అక్షము 11.2 లోపుననే ముగిసినది. గీత చట్రము వెలుపల పడును, అనగా కనిపించదు. యంత్రము తప్పు చూపదు, ఒక్క మాటయైనను పలుకదు. ప్రమాద రేఖ లేని ప్రమాద చిత్రము మన చేతికి వచ్చును! దీనికి విరుగుడు ‘వైలిమ్’. హద్దులను 8, 19 అని మనమే నిర్దేశించినచో మూడు రేఖలును చట్రములోనికి వచ్చును. అప్పుడు 11.1 మట్టము మొదటి రేఖకు ఎంత చేరువలో ఉన్నదో, మూడవ రేఖకు ఎంత దూరమున ఉన్నదో ఒక్క చూపులో తెలియును.

అక్షము సున్నతో ఆరంభము కావలెనా అను ప్రశ్న తరగతిలో తరచుగా వచ్చును. దీనికి ఒకే జవాబు లేదు. కమ్మీల చిత్రములో కమ్మీ పొడవే విలువ. కనుక సున్న తప్పనిసరి. భద్రాచలము వద్ద గోదావరి 1986లో 75.6 అడుగులకు, 1990లో 70.8కి, 2006లో 66.9కి, 2022లో 71.3కి చేరినది. ఈ నాలుగింటిని 65 నుండి మొదలిడు కమ్మీలుగా గీసినచో 1986 నాటి కమ్మీ 2006 నాటి దానికి అయిదు రెట్లకు పైగా పొడవుండును. వాస్తవమున మట్టముల భేదము ఎనిమిదిన్నర అడుగులకు కొంచెము ఎక్కువ మాత్రమే. సున్ననుండి గీసినచో నాలుగు కమ్మీలును ఇంచుమించు ఒకటిగా కనిపించి, ఆ భేదము మరుగున పడును. ఇట్టిచోట కమ్మీలను విడిచి ‘డాట్‌చార్ట్’ అను బిందు చిత్రమును ఎన్నుకొనుట మేలు. బిందువునకు పొడవు లేదు, స్థానము మాత్రమే కలదు. అందు 53 అడుగుల మూడవ హెచ్చరిక వద్ద ఒక నిలువుగీత చేర్చినచో 1986లో నీరు ఆ గీతను 22.6 అడుగులు, 2006లో 13.9 అడుగులు దాటినదని సులభముగ గ్రహింపవచ్చును. గేజి రాతిమీది సున్న మనుష్యుడు పెట్టుకొన్న గుర్తే గాని, నది లేని స్థితి కాదు. అందువలన మట్టపు గీతకు సున్న పట్టింపు అక్కరలేదు.

భద్రాచలము, ధవళేశ్వరము రెండింటిని ఒకే బొమ్మలో చూపవలెనను కోరిక సహజము. ఎగువన పెరిగినది దిగువకు రావలసినదే కదా. కాని రెండు గేజిల సున్నలు వేరు. అక్కడ హెచ్చరికలు 43, 48, 53 అడుగులకు, ఇక్కడ 11.75, 13.75, 17.75 అడుగులకు. ఒకే అక్షముమీద రెండింటిని గీసినచో ధవళేశ్వరపు గీత అడుగున చదునుగా పడియుండి, ఇక్కడ వరదయే లేదన్నట్లు తోచును. ఎడమన ఒక అక్షము, కుడిన ఒక అక్షము పెట్టు పద్ధతి కలదు గాని దానిని నేను సమ్మతింపను. రెండు గీతలు ఖండించుకొను చోట ఏదో విశేషమున్నదని పాఠకుడు భ్రమపడును. ఆ ఖండన మనము ఎంచిన హద్దుల ఫలితమే. ‘పార్’ ఆదేశములోని ‘ఎమ్‌ఎఫ్‌రో’ను రెండు అడ్డువరుసలు, ఒక నిలువువరుసగా అమర్చి, ఒకదాని క్రింద ఒకటిగా రెండు బొమ్మలు గీయుట ఉత్తమము. రెండింటికిని కాలపు అక్షము ఒకే హద్దులతో ఉండవలెను. అప్పుడు భద్రాచలపు శిఖరము తరువాత ధవళేశ్వరపు శిఖరము ఎంత ఆలస్యముగా వచ్చినదో కొలబద్ద ఆనించి చూడవచ్చును.

ప్రవాహమును గీయునప్పుడు ఇంకొక చిక్కు. పది లక్షల క్యూసెక్కులను యంత్రము తరచుగా 1 పక్కన ‘ఇ’ అక్షరము, ప్లస్ గుర్తు, 06 చేర్చి చూపును. లంక రైతు దానిని ఎట్లు చదువును? విలువలను ముందే లక్షతో భాగించి, అక్షము పేరుగా ‘లక్షల క్యూసెక్కులు’ అని వ్రాయుట మంచిది. ఎడమవైపు అంకెలు పక్కకు ఒరిగి ఉండుట కూడ యంత్రపు అలవాటే. ‘లాస్’ విలువ 1గా ఇచ్చినచో అవి తిన్నగా నిలుచును.

రంగుల విషయములో విద్యార్థుల ఉత్సాహమును కొంత అదుపులో ఉంచవలసి ఉన్నది. పంచాయతీ గోడకు అంటించు కాగితము సాధారణముగా జిరాక్సు ప్రతి. అందు ఎరుపు, పచ్చ రెండును ఒకే బూడిదరంగుగా దిగును. ఎరుపు పచ్చలను వేరుపరచి చూడలేని దృష్టి కొందరు పురుషులకు పుట్టుకతోనే ఉండును. 2020 ఏప్రిలులో వెలువడిన 4.0.0 రూపములో ‘ఆర్’ నిర్మాతలు తమ పాత గాఢవర్ణములను విడిచి, కంటికి హాయియైన వర్ణక్రమమును ప్రవేశపెట్టిరి. అయినను రంగు ఒక్కదానినే నమ్మరాదు. ‘ఎల్‌టివై’తో మొదటి హెచ్చరికకు చుక్కల గీత, రెండవదానికి ముక్కల గీత, మూడవదానికి నిండుగీత ఈయవచ్చును. ‘ఎల్‌డబ్ల్యుడి’తో నీటిమట్టపు గీతను వీటన్నిటికంటె మందము చేయవలెను. మూలన సూచికపెట్టె పెట్టుటకంటె ప్రతి గీత చివరను దాని పేరు ‘టెక్స్ట్’ ఆదేశముతో వ్రాయుట నాకు నచ్చిన పద్ధతి. కన్ను గీతకును పెట్టెకును మధ్య తిరుగాడు శ్రమ తప్పును.

పేర్లు ఏ లిపిలో వ్రాయవలెను? తెలుగులోను, ఉర్దూలోను చదువువారు మనలో ఉన్నారు గనుక ఈ ప్రశ్న మనకు మరింత అవసరము. తెలుగు వత్తులను అక్షరము క్రింద కూర్చవలెను. ఉర్దూ కుడినుండి ఎడమకు సాగును, అక్షరము పక్కదానితో కలిసి రూపు మార్చుకొనును. ఈ కూర్పు తెలియని పద్ధతిలో చిత్రమును భద్రపరచినచో ‘హెచ్చరిక’లోని వత్తులు విడిపోవును, ఉర్దూ అక్షరములు ఎడమెడముగా నిలుచును. ‘రాగ్’ అను ప్యాకేజీ ఈ కూర్పును నిర్వహింపగలదు. దాని ద్వారా చిత్రమును దాచునప్పుడు ఆ లిపి గల అక్షరశైలి పేరును స్పష్టముగ పేర్కొనవలెను. వత్తులు చిన్న పరిమాణములో అలుకుకొనిపోవును గనుక ‘సెక్స్’ అను పరిమాణపు విలువను ఆంగ్లమునకు ఇచ్చుదానికంటె కొంత పెంచవలెను. నస్తాలీఖ్ లిపి ఏటవాలుగా దిగును గనుక ‘మార్’ ద్వారా పైఅంచున చోటు విడువవలెను. నిలువు అక్షము పేరును పక్కకు తిప్పి వ్రాయక, ‘ఎమ్‌టెక్స్ట్’తో చట్రముపై అడ్డముగా ఉంచినచో తల వంచి చదువు బాధ ఉండదు.

హాడ్లీ విక్‌హామ్ రచించిన ‘జీజీప్లాట్2’ ప్యాకేజీ వాడువారికి ఒక హెచ్చరిక. లీలండ్ విల్కిన్సన్ 1999లో ప్రకటించిన చిత్రవ్యాకరణ సిద్ధాంతముపై అది నిర్మితము. పొరమీద పొరగా బొమ్మను కూర్చు దాని తీరు ప్రశంసనీయము. కాని అందు ‘వైలిమ్’ అర్థము వేరు. హద్దు 17 అని ఇచ్చినచో 17 దాటిన కొలతలను అది తీసివేయును. గీత సరిగా వరద శిఖరము వద్దనే తెగిపోవును. తీసివేసినట్లు ఒక పంక్తి సందేశము వచ్చును గాని హడావుడిలో దానిని చదువువారు తక్కువ. చిత్రపు మేరను మాత్రమే మార్చవలెనన్నచో ‘కోఆర్డ్ కార్టీషియన్’ లోపల హద్దులు ఈయవలెను.

ఈ అమరికలన్నిటిని తెరమీద ఒక్కొక్కటిగా టైపు చేసి మరచిపోక, ఒక ఫంక్షనుగా వ్రాసి ఫైలులో ఉంచుకొనవలెను. మూడు హెచ్చరిక రేఖలు, హద్దులు, అక్షరశైలి, మందములు అందులో స్థిరముగా ఉండును. జులైలో నీరు ఎరుపెక్కిననాడు ఆనాటి మట్టముల పట్టికను మాత్రము మార్చి నడిపినచో, నిన్నటి బొమ్మయు నేటి బొమ్మయు ఒకే కొలతతో గోడమీద పక్కపక్కన నిలుచును.