గెలిచిన ఆట, సరిగ్గా ఆడిన ఆట

పేకాట దగ్గర మన వాళ్ళందరికీ తెలిసిన తీర్పు ఒకటుంది: గెలిచినోడు మొనగాడు, ఓడినోడు తెలివితక్కువోడు. ఆట ముగిసిన మరుక్షణమే ఈ తీర్పు వచ్చేస్తుంది. అప్పీలు ఉండదు. ఈ వ్యాసం ఆ తీర్పు మీద నేను వేసుకున్న చిన్న అప్పీలు. సాక్ష్యం మూడు ఆటలు, ఒక నోటు పుస్తకం, మనందరం సెకండియర్‌లో చదివి మర్చిపోయిన ప్రాబబిలిటీ.

ముందు మా ఆట సంగతి. సంక్రాంతికి పూతలపట్టు దగ్గరున్న మా అమ్మగారి ఊరికి పోతాము. కనుమ రాత్రి నలుగురం చాప మీద కూర్చుంటాము: తాత, మామ, చిన్నమ్మ కొడుకు, నేను. 13 ముక్కల రమ్మీ. పందెం చింతగింజలు, పాయింటుకు ఒక గింజ. డబ్బులు పెట్టకూడదని అవ్వ ఆర్డరు. దానికి కారణం ఉంది. తాత వాళ్ళ అన్న, అంటే మా పెద్దతాత, మూడు ముక్కలాటలో రెండెకరాల చేను పోగొట్టుకున్నాడు. ఆ చేను ఇప్పటికీ మా ఇంటి ముందే ఉంది, వేరేవాళ్ళ పేరు మీద. కాబట్టి మా ఇంట్లో పేక కట్ట బయటికి తీస్తే దాంతోపాటు ఆ కథ కూడా బయటికొస్తుంది.

ఆడనివాళ్ళ కోసం రూల్స్ క్లుప్తంగా. రెండు కట్టలు, రెండు జోకర్లు, మొత్తం 106 ముక్కలు. పంచిన తర్వాత ఒక ముక్క తిప్పి చూస్తే అది కట్ జోకరు, ఆ అంకె ముక్కలన్నీ జోకర్లే. గెలవాలంటే జోకరు సాయం లేని వరస ఒకటి తప్పనిసరి. దాన్నే ఒరిజినల్ అంటాము. ఇంకో వరస కూడా ఉండాలి, మిగిలినవి వరసలో సెట్లో కావాలి. బొమ్మలకూ ఆసుకూ 10 పాయింట్లు, మిగతావాటికి అంకె ఎంతో అంత. ముక్క తీయకముందే వదిలేస్తే 20, మధ్యలో వదిలేస్తే 40, ఒరిజినల్ లేకుండా దొరికిపోతే ఎక్కువలో ఎక్కువ 80.

మొదటి ఆట: తాత డ్రాప్

తాతకు వచ్చిన ముక్కలు ఇవి. ఇస్పేటులో 2, 5, 9, రాజు. ఆఠీనులో 4, 7, జాకీ. డైమనులో 3, 8, రాణి. కళావరులో ఆసు, 6, 10. కట్ జోకరు 5, అంటే ఆయన చేతిలో జోకరు ఒకటుంది.

సరిగ్గా చూడండి. 13 ముక్కలు, 13 రకాలు. ఒక్క జత లేదు, పక్కపక్క అంకెలు ఒకే రంగులో రెండు లేవు. జోకరు తీసేసి లెక్కేస్తే కౌంటు 89, అంటే ఫుల్ కౌంట్ 80. తాత ముక్కలు కింద పెట్టేసి 20 గింజలు తోసేసినాడు.

"జోకరు చేతిలో పెట్టుకోని డ్రాపా నాయనా?" అని మామ నవ్వినాడు.

"జోకరు అత్తరు లాంటిదిరా. స్నానం చేసినోడికే పనికొస్తాది" అన్నాడు తాత.

ఆట సాగింది. మామ షో చేసేసరికి నా దగ్గర మిగిలిన కౌంటు 6, తమ్ముడి దగ్గర 11. తాత ఇచ్చింది 20. ఫలితం చూస్తే ఆ ఆటలో అందరికంటే ఎక్కువ నష్టపోయింది తాతే. మరి డ్రాప్ తప్పా?

లెక్క వేద్దాం. మా టేబుల్ మీద గెలిచినవాడికి ముగ్గురి దగ్గర నుంచి సుమారు 90 గింజలు వస్తాయనుకుందాం. ఇంత చెత్త ముక్కలతో ఆడి ఓడితే సగటున 50 పోతాయనుకుందాం. గెలిచే అవకాశం ప అనుకుంటే, ఆడితే వచ్చే సగటు: 90ప − 50(1 − ప). ఇది −20 కంటే మెరుగ్గా ఉంటేనే ఆడాలి. సమీకరణం విప్పితే ప విలువ 30/140, అంటే సుమారు 21 శాతం వస్తుంది. నలుగురు సమానంగా ఆడితే, ముక్కలు చూడకముందు ఎవరికైనా ఉండే అవకాశమే 25 శాతం. రెండు ముక్కలు కూడా కలవని చేతికి 21 శాతం ఎక్కడిది? తాత కాగితం ముట్టుకోకుండా చేసిన నిర్ణయం కాగితం మీద కూడా నిలబడింది. ఓడింది ఫలితం ఒక్కటే.

రెండో ఆట: తమ్ముడి ఇస్పేటు పది

ఇది దానికి సరిగ్గా తిరగేసిన కేసు. తమ్ముడి చేతిలో మిగతావన్నీ కుదిరిపోయినాయి, ఒరిజినల్ ఒక్కటే బాకీ. ఆఠీను 6, 7 ఉన్నాయి. ఇస్పేటు 9, జాకీ ఉన్నాయి. ఒక ముక్క పడేయాలి. ఏ జత విడగొట్టాలి?

ఆఠీను జతకు రెండు వైపులా తలుపులున్నాయి: 5 వచ్చినా సరే, 8 వచ్చినా సరే. రెండు కట్టలు కాబట్టి మొత్తం 4 ముక్కలు. అప్పటికి వాటిలో ఒక్కటీ కింద పడలేదు. ఇస్పేటు జతకు మధ్యలో 10 ఒక్కటే తలుపు. ఉండేవి 2 ముక్కలు, అందులో ఒకటి మామ అందరి ముందే పడేసినాడు. మిగిలింది ఒక్కటి. నాలుగింటికి ఒకటి. పైగా ఓడితే ఆఠీను జత బరువు 13 పాయింట్లు, ఇస్పేటు జత బరువు 19. ఏ వైపు నుంచి చూసినా ఇస్పేటునే విడగొట్టాలి.

తమ్ముడు ఆఠీను 7 పడేసినాడు. తర్వాత చేతిలో కట్ట నుంచి ముక్క తీస్తే ఇస్పేటు 10! "ఇస్పేటు నాకు అచ్చొస్తాదక్కా, నాకు తెలుసు" అని ఎగిరినాడు. ఆ రాత్రంతా ఆ పది గురించే మాట.

ఒక వైపు తలుపుకూ రెండు వైపుల తలుపుకూ తేడా ఎంతో ఆట మొదట్లో లెక్క చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. నా 13 ముక్కలు, కట్ జోకరు, తెరిచిన ముక్క పోగా నాకు కనపడనివి 91. కట్ట నుంచి 8 సార్లు తీస్తే, 4 ముక్కల్లో ఒక్కటైనా దొరికే అవకాశం సుమారు 31 శాతం. 2 ముక్కల కోసం కాచుకుంటే సుమారు 17 శాతం. ఇద్దరూ కాచుకునేది ఒరిజినల్ కోసమే, ఒకరికి దాదాపు రెట్టింపు అవకాశం. ఇది అచ్చిరావడం మీద ఆధారపడదు.

మూడో ఆట: నేను పడేసిన రాజు

నా చేతిలో పనికిరాని ముక్కలు రెండు: డైమను 10, కళావరు రాజు. రెంటికీ 10 పాయింట్లే. నా తర్వాత చెయ్యి మామది, కాబట్టి నేను పడేసింది ఎత్తుకునే హక్కు ఆయనదే. అంతకుముందే మామ డైమను 9 ఎత్తుకున్నాడు. కళావరు రాణులు రెండూ అప్పటికే కింద పడినాయి.

డైమను 10 మామకు ఎన్ని రకాలుగా పనికొస్తుంది? 8-9-10 కావచ్చు, 9-10-జాకీ కావచ్చు, పదుల సెట్టు కావచ్చు. కళావరు రాజుకు జోకరు లేని వరస కావాలంటే రాణి ఉండాలి, రెండు రాణులూ చచ్చినాయి. మిగిలిన ముఖ్యమైన దారి రాజుల సెట్టు ఒక్కటే. రాజును పడేసినాను. మామ ఎత్తుకొని షో అన్నాడు. ఇస్పేటు రాజు, ఆఠీను రాజు పట్టుకొని మూడో రాజు కోసమే కూర్చున్నాడంట. నాకు 34 పోయినాయి.

మళ్ళీ అదే పరిస్థితి వస్తే మళ్ళీ ఆ రాజునే పడేస్తాను. మామ చేతిలో ఏముందో షో తర్వాత నాకు తెలిసింది. పడేసేటప్పుడు తెలిసింది తొమ్మిది ఎత్తుకున్నాడని, రాణులు పోయాయని, అంతే. నిర్ణయాన్ని తూచాల్సింది అప్పుడు తెలిసిన దానితోనే.

పోకర్ ఆడేవాళ్ళు ఈ జబ్బుకు పేరు కూడా పెట్టుకున్నారు. ఫలితం చూసి నిర్ణయాన్ని తూచడాన్ని "రిజల్టింగ్" అంటారు. పోకర్ ప్లేయర్ ఆనీ డ్యూక్ 2018లో వచ్చిన "థింకింగ్ ఇన్ బెట్స్" పుస్తకంలో ఈ మాటను బాగా ప్రచారంలోకి తెచ్చింది.

ఒక రాత్రి ఏమీ చెప్పదు

"అయితే బాగా ఆడేవాడు గెలవడా?" అని మీరు అడగొచ్చు. గెలుస్తాడు, కానీ నిదానంగా. నలుగురూ సమానమైన టేబుల్ మీద 20 ఆటలు ఆడితే ఒక్కొక్కరికి సగటున 5 గెలుపులు రావాలి. స్టాండర్డ్ డీవియేషన్ సుమారు 1.9. అంటే అయిదు రాత్రుల్లో నాలుగు రాత్రులు 3 నుంచి 7 గెలుపుల మధ్యే ఉంటాం. 8 గానీ అంతకంటే ఎక్కువ గానీ గెలవడం ఉత్త అదృష్టంతోనే పది రాత్రుల్లో ఒకసారి జరుగుతుంది. 25 శాతం గెలిచేవాడికీ 30 శాతం గెలిచేవాడికీ తేడా కొంచెం నమ్మకంగా చెప్పాలంటే సుమారు 300 ఆటలు కావాలి. అన్ని ఆటలు ఆడాలంటే మా ఇంట్లో ఎన్ని సంక్రాంతులు రావాలో మీరే లెక్కేసుకోండి.

ఈ లెక్కలు మన సిలబస్‌లోకి వచ్చిందే జూదం దారిలో. 1654లో పాస్కల్, ఫెర్మా రాసుకున్న ఉత్తరాలు మధ్యలో ఆగిపోయిన ఆటలో పందెం ఎలా పంచాలన్న ప్రశ్న మీదే. సగటు లాభం అన్న ఆలోచనను 1657లో హైగెన్స్ పుస్తకంగా రాసినాడు. మన వైపు ఇంకా పాత కథ ఉంది. భారతంలో నలుడు పాచికల్లో రాజ్యం పోగొట్టుకొని ఋతుపర్ణుడి దగ్గర సారథిగా చేరతాడు. ఋతుపర్ణుడు దారిలో ఒక తాని చెట్టును చూసి ఆకులెన్నో కాయలెన్నో చెప్తాడు. నలుడు ఆగి లెక్కపెట్టుకొని, తన అశ్వహృదయానికి మారుగా ఆయన దగ్గర అక్షహృదయం నేర్చుకుంటాడు. పోయిన రాజ్యం తిరిగి రావడానికి ఆ కథ చూపించిన మార్గం లెక్క నేర్చుకోవడం. అందులో నాకు బాగా నచ్చింది, నలుడు మాట నమ్మకుండా ఆగి లెక్కపెట్టడం.

తమ్ముడి ప్రశ్న

ఆ ఇస్పేటు పది తర్వాత తమ్ముడు అడిగినాడు: "అక్కా, రమ్మీ స్కిల్ గేమ్ అని సుప్రీంకోర్టే చెప్పింది కదా. క్లబ్బులో ఆడితే ఏమవుతాది?"

కోర్టు మాట నిజమే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకూ మధ్య నడిచిన, 1968 లా రిపోర్టుల్లో కనిపించే కేసు అది. సికింద్రాబాదులో ఒక క్లబ్బుకు సంబంధించింది. పడే ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి రమ్మీలో నైపుణ్యమే ప్రధానం అన్నారు. మూడు ముక్కలాటను మాత్రం వట్టి అదృష్టం కింద వేరు చేశారు. మా పెద్దతాత చేను పోయింది ఆ రెండో దాంట్లో. అదే తీర్పులో, ఆటమీద క్లబ్బు లాభం చేసుకుంటుంటే అది నేరం కావచ్చని కూడా ఉంది. తమ్ముడు సగం తీర్పే విన్నాడు. ఫోన్లో పందెం ఆట సంగతి వేరు. 2020లో రాష్ట్రం చట్టం మార్చి దాన్ని నిషేధించింది. 2025లో కేంద్రం తెచ్చిన చట్టం నైపుణ్యమా అదృష్టమా అని చూడకుండా డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఆపేసింది.

చట్టం పక్కన పెట్టి లెక్కే చూపించినాను. గెలిస్తే 90, ఓడితే సగటున 30 అనుకుందాం. 25 శాతం గెలిచేవాడికి ఆటకు మిగిలేది సున్నా. 30 శాతం గెలిచే మంచి ఆటగాడికి ఆటకు 6. ఇప్పుడు టేబుల్ నడిపేవాడు గెలుపు మీద 10 శాతం కట్ తీసుకుంటాడనుకుందాం. మంచి ఆటగాడికి 6 కాస్తా 3.3 అవుతుంది. మామూలోడికి ఆటకు 2.25 నష్టం, 20 ఆటలకు 45. ఏ రాత్రి అయినా నష్టపోనివాడు టేబుల్ నడిపేవాడు ఒక్కడే, వాడు ఒక్క ముక్క కూడా పట్టుకోడు. పైగా ఒక్కో ఆటకు ఊగిసలాట 50 గింజలకు పైనే. ఆ ఊపులో 3.3 కనపడదు, ఇస్పేటు పదే కనపడుతుంది. మనిషి ఆ పదిని గుర్తుపెట్టుకొని మళ్ళీ పోతాడు. చేలు పోయేది అట్లానే.

తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నోటు పుస్తకం అడిగి ఆ ఆట తానే రాసుకున్నాడు. నేను రాసే పద్ధతి ఇది, మీరూ వాడుకోవచ్చు. పేజీకి ఒక ఆట, నాలుగు గళ్ళు. ఒకటి: నిర్ణయం తీసుకునే ముందు నాకు ఏం తెలుసు. రెండు: నా ముందున్న దారులెన్ని. మూడు: ఏది ఎంచుకున్నాను, ఎందుకు. ఈ మూడూ షోకు ముందు ఉన్న తెలివితోనే రాయాలి. ఫలితం నాలుగో గడిలో, చివర, చిన్న అక్షరాలతో. సప్లీ పేపరు దగ్గరైనా ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూ దగ్గరైనా ఈ నాలుగు గళ్ళు పనికొస్తాయి. తమ్ముడి పేజీలో మూడో గడిలో "ఎందుకు" అన్న మాట ఎదురుగా ఇప్పటికీ ఖాళీగానే ఉంది. దాన్ని చూసి కొట్టేసి పేజీ తిప్పలేదు వాడు. అది చాలనిపించింది నాకు.