నూట ఏబదిమూడు చేపలు

ధ్యాన భాగము: యోహాను 21:1–14

తిబెరియ సముద్రములో రాత్రియంతయు ప్రయాసపడి ఏమియు పట్టని శిష్యులు, తెల్లవారినపుడు ప్రభువు మాటచొప్పున దోనెకు కుడిప్రక్కను వల వేసిరి. పేతురు దానిని దరికి లాగగా అందులో 153 పెద్ద చేపలుండెను. చాల చేపలు అనిన సరిపోవునే, ఈ లెక్క ఎందుకని మనలో అనేకులు అడుగుచుందురు. చేపలు పట్టువారు లెక్కింపక పంచుకొనజాలరు. అంతకంటె పెద్ద కారణము వెదకనక్కరలేదని మా తలంపు.

అయినను ఈ సంఖ్య గణితములో సామాన్యమైనది కాదు. ఆదివారపు బడి పిల్లలచేత చింతగింజలు తెప్పించి, మొదటి వరుసలో 1, రెండవదానిలో 2, ఇట్లు పదునేడవ వరుసవరకు పేర్పించుడి. చక్కని త్రికోణమగును, మొత్తము 153. మరియు 1, 5, 3 అను అంకెలను వేరువేరుగా ఘనము చేసి కూడుడి: 1, 125, 27, తిరిగి 153యే. ఇంకను వింత యొకటి. 3చేత శేషము లేకుండ భాగింపబడు ఏ సంఖ్యకైనను ఇట్లే అంకెల ఘనములు కూడి, వచ్చినదానికి మరల మరల అట్లే చేసినయెడల తుదకు 153 వచ్చి నిలుచును. 12తో ఆరంభించి చూడుడి: 9, 729, 1080, 513, 153.

పన్నెండు అనగానే అపొస్తలులు జ్ఞాపకము వత్తురు, ప్రసంగము సిద్ధమైనట్లే! కాని ఆ దినమున అక్కడనున్న శిష్యులు ఏడుగురే (2వ వచనము). 7తో ఆరంభించినయెడల 343, 118, 514, 190, 730, 370 వచ్చి అక్కడనే ఆగిపోవును.

పూర్వము అగస్టీను భక్తుడు పది ఆజ్ఞలకు ఆత్మయొక్క ఏడు వరములను కలిపి పదునేడనెను. ఒకటి మొదలు పదునేడువరకు కూడగా 153. జెరోము భక్తుడు లోకములోని చేపల జాతులు 153 అని గ్రీకు కవులు చెప్పిరని వ్రాసెను. ఆ కవుల గ్రంథమును లెక్కించి చూచినవారికి ఆ సంఖ్య స్పష్టముగా దొరకలేదు.

ప్రొద్దుటూరు దగ్గర కల్లూరులో 1907లో పుట్టిన లక్కోజు సంజీవరాయశర్మగారు (మరణము 1997) పుట్టుకతోనే చూపులేనివారు. తోబుట్టువు పాఠములు చదువుచుండగా విని నేర్చుకొని, సభలలో పెద్ద పెద్ద లెక్కలకు నోటితోనే జవాబు చెప్పెడివారు. 103 రెండ్లను వరుసగా హెచ్చించగా వచ్చు 32 అంకెల సంఖ్యను అప్పగించిరని చెప్పుదురు. విన్నవారు ఆశ్చర్యపడినను, కాగితముమీద వేసి సరిచూచుకొనగలరు. చింతగింజల లెక్కయు అట్టిదే. పదునేడనగా ఆజ్ఞలును వరములును అనుమాటను ఏ గింజలతో సరిచూతుము?

ఇది చిన్న సంగతి కాదు. దానియేలు గ్రంథములోని 2300 దినములను లెక్కగట్టి, ప్రభువు 1844 అక్టోబరు 22న వచ్చునని అమెరికాలో విలియం మిల్లరు అనుచరులు నమ్మిరి. కొందరు రైతులు పంట కోయక పొలములోనే విడిచిరి. ఆ దినము గడిచిపోయెను. కూడికలో తప్పు లేకపోవచ్చును. కూడికమీద కట్టిన నమ్మకము కూలినపుడు అనేకుల విశ్వాసము దానితోకూడ కూలెను.

యోహాను ఆ సంఖ్యకు అర్థమేదియు చెప్పలేదు. చెప్పినది ఒకటే: అన్ని చేపలు పడినను వల పిగలలేదు. శిష్యులు దరికి వచ్చునప్పటికే నిప్పులమీద చేపయు, ప్రక్కను రొట్టెయు సిద్ధముగా నుండెను. ఆ చేప 153లో లెక్కింపబడినది కాదు.