క్యాడ్ డ్రాయింగులు – మూలబిందువు

మేము ఇంటర్ చదివే రోజుల్లో లెక్కల 1బి పేపర్లో రెండో పాఠం అక్ష పరివర్తన. మూలబిందువును ఇంత దూరం జరిపితే ఒక బిందువు కొత్త నిరూపకాలు ఎంత అని నాలుగు మార్కుల ప్రశ్న వచ్చేది. పాత నిరూపకం కావాలంటే కొత్త నిరూపకానికి జరిపిన దూరం కలపాలి అన్న ఒక్క వాక్యం బట్టీ పట్టి, ఆ నాలుగు మార్కులు జేబులో వేసుకుని బయటపడ్డాం. ఎం.టెక్.కు వచ్చాక తెలిసింది, డ్రాయింగ్ ఆఫీసుల్లో రోజూ జరిగే తగాదాల్లో సగం ఆ నాలుగు మార్కుల ప్రశ్న దగ్గరే అని.

మన హాస్టల్ నుంచి ఏటా కొందరు పాలిటెక్నిక్‌కు, కొందరు ఐ.టి.ఐ. డ్రాఫ్ట్స్‌మన్ సివిల్‌కు వెళ్తున్నారు. మా ఇళ్లల్లో మాదిరిగానే వారి ఇళ్లల్లోనూ ఈ సంగతులు చెప్పేవాళ్లు ఉండరు. ఆటోక్యాడ్ కోర్సులో గీత గీయడం నేర్పుతారు గాని, ఒకరు గీసిన డ్రాయింగును ఇంకొకరి డ్రాయింగులోకి తెచ్చుకునేటప్పుడు ఏం చూడాలో నేర్పరు. కాబట్టి తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ పనికొస్తుందని ఈ నాలుగు పేజీలు రాస్తున్నాం.

ముందుగా మన ఊరి పొలం లెక్క చూద్దాం. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నుంచి మన దగ్గర ప్రతి సర్వే నంబరుకూ ఒక ఎఫ్.ఎం.బి. పటం ఉంది. గొలుసు పరిచి, ఒక ఆధార గీత మీద నడుస్తూ, ఆ గీతకు లంబంగా అటూ ఇటూ ఎన్ని లింకులున్నాయో రాసుకుంటూ వేసిన పటాలు అవి. గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. లెక్క చక్కగా ఉంది. అయితే ప్రతి పటానికీ దాని ఆధార గీతే మొదలు. ఈ చేనికీ పక్క చేనికీ కలిపి ఒకే మూలబిందువు లేదు. రెండు పటాలు పక్కపక్కన పెడితే గట్టు దగ్గర గీతలు సరిగ్గా కలవకపోవడం రైతులందరికీ తెలిసిన సంగతే. 2020 డిసెంబరులో మన రాష్ట్రంలో మొదలైన రీసర్వేలో డ్రోన్లు, ఉపగ్రహాల ఆధారంగా పనిచేసే స్టేషన్లు వాడి, పొలాలన్నింటినీ ఒకే నిరూపక పద్ధతిలోకి తేవాలని చూసింది ఇందుకే.

అలాంటి ఉమ్మడి పద్ధతుల్లో మనకు ఎక్కువగా ఎదురయ్యేది యు.టి.ఎం. ఇందులో భూగోళాన్ని ఆరేసి డిగ్రీల వెడల్పున 60 జోన్లుగా కోశారు. పెనుగొండ 44వ జోన్‌లో, అంటే 78 నుంచి 84 డిగ్రీల రేఖాంశాల మధ్య ఉంది. ఈ జోన్‌కు నడిమి గీత 81 డిగ్రీలు. తూర్పు దూరాలు ఎక్కడా రుణ సంఖ్య కాకూడదని నడిమి గీతకే 5,00,000 మీటర్లు అని పేరు పెట్టారు. ఉత్తర దూరం భూమధ్యరేఖ నుంచి కొలుస్తారు. ఆ లెక్కన పెనుగొండ సుమారుగా తూర్పు 5,79,000, ఉత్తరం 18,41,000 మీటర్ల దగ్గర ఉంటుంది. మన రాష్ట్రమంతా ఒకే జోన్ అనుకోవద్దు. అనంతపురం 43లో ఉంది, ఇచ్ఛాపురం 45లోకి వెళ్లిపోయింది.

ఇప్పుడు అసలు చిక్కు. సర్వే చేసినవారు స్థలం డ్రాయింగును ఈ పెద్ద అంకెలతో, మీటర్లలో పంపుతారు. భవనం గీసేవారు గోడ మూలను సున్నా, సున్నాగా పెట్టుకుని మిల్లీమీటర్లలో గీస్తారు. ఇద్దరిదీ తప్పు కాదు. రెండో దాన్ని మొదటి దానిలోకి ఊరికే తెచ్చి పడేస్తే భవనం 44వ జోన్ సున్నా దగ్గర పడుతుంది. అది ఎక్కడో తెలుసా? మాల్దీవులకు తూర్పున, భూమధ్యరేఖ మీద, నడి హిందూ మహాసముద్రంలో. పెనుగొండకు సుమారు 1,930 కిలోమీటర్లు. ప్రమాణాలు కూడా కలవకపోతే 12 మీటర్ల గది 12 కిలోమీటర్లు అవుతుంది. జూమ్ ఎక్స్‌టెంట్స్ కొడితే తెర మీద రెండు చుక్కలు మాత్రమే కనిపిస్తే జరిగింది ఇదేనని గ్రహించాలి.

ఇంత పెద్ద తప్పుతో భయం లేదు, ఎవరికైనా కనిపిస్తుంది. భయపడవలసింది చిన్న తప్పుకు. మేము ప్రాజెక్టు పని మీద వెళ్లిన ఒక ఊళ్లో కాలువ పక్కన ఇళ్ల స్థలాల లేఅవుట్ ఉంది. గీసినవారు లేఅవుట్ మూలనే సున్నాగా పెట్టుకున్నారు. తర్వాత పాత పటం స్కాన్ మీద దాన్ని కాలువ గట్టు గీతకు కంటి చూపుతో ఆనించి అతికించారు. పూడిక పడిన కాలువ గట్టు ఏటా ఒకచోట ఉంటుందా? లేఅవుట్ మొత్తం రెండు మీటర్లు కాలువ వైపు జరిగింది. చివరి వరుసలో ఒక్కొక్కటీ సెంటున్నర స్థలం, వెడల్పు ఆరు మీటర్లు. అందులో రెండు మీటర్లు కాగితం మీద కాలువ పోరంబోకులోకి పోయాయి. కూలి పనులు చేసుకునే ఆ ఇళ్లవాళ్లు పని మానుకుని నాలుగు నెలలు ఆఫీసు చుట్టూ తిరిగారు. టేపుతో కొలిస్తే ప్రతి స్థలం ఆరు మీటర్లే వస్తోంది, మరి తప్పెక్కడ అని అక్కడివాళ్లే తెల్లబోయారు. మూలబిందువు తప్పు తీరే అంత. డ్రాయింగు లోపలి కొలతలన్నీ సరిగ్గానే ఉంటాయి, కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. చివరకు రెండు హద్దు రాళ్ల నిరూపకాలు దొరికాక డ్రాయింగును వాటికి కలిపి సరిచేశారు, స్థలాలు నిలిచాయి.

అందుకే ఎవరి డ్రాయింగైనా చేతికొస్తే మొదట దేన్నీ కదపకండి. దాన్ని విడిగా తెరిచి, ఐ.డి. కమాండ్ ఇచ్చి, తెలిసిన ఒక మూల మీద నొక్కి నిరూపకాలు చదవండి. తూర్పు ఆరంకెలు, ఉత్తరం ఏడంకెలు వస్తే అది చాలావరకు మీటర్లలో ఉన్న యు.టి.ఎం. చిన్న అంకెలైతే ఎవరో సొంత సున్నా పెట్టుకున్నారన్నమాట. తర్వాత యూనిట్స్ చూడండి. మీటర్లలో గీసి ఫైలుకు మిల్లీమీటర్లని చీటీ తగిలించినవి చాలా ఉంటాయి. చీటీని నమ్మకుండా తెలిసిన దూరం ఒకటి కొలిచి చూడాలి.

సర్వే డ్రాయింగును మూవ్ కమాండ్‌తో మనకు అనువైన చోటికి లాక్కోవడం పరమ చెడ్డ అలవాటు అని మా అభిప్రాయం. ఈరోజు మనం లాక్కుంటాం, కరెంటు పనివారు ఇంకోచోటికి లాక్కుంటారు, నీటి పైపుల వారు మరోచోటికి. వారం తర్వాత సర్వేవారు సవరించిన ఫైలు పంపితే ఎవరిదీ ఎవరితోనూ కలవదు. పెద్ద అంకెలతో పని ఇబ్బందిగా ఉంటే యు.సి.ఎస్. మార్చుకుని పని చేసుకోవచ్చు. అది మన చూపుకు వేరే అక్షాలు పెడుతుంది గాని బిందువుల అసలు నిరూపకాలను ముట్టుకోదు. బడిలో చెప్పిన అక్ష పరివర్తనే ఇది.

కాపీ చేసి దించుకునే దానికీ, ఎక్స్‌రెఫ్‌గా జతచేసే దానికీ తేడా ఉంది. దించుకున్నది ఆ రోజుతో ఆగిపోయిన ఫొటో లాంటిది. ఎక్స్‌రెఫ్ అసలు ఫైలు మారినప్పుడల్లా తానూ మారుతుంది. మూలబిందువు ఒకటే అని ఒప్పందం ఉంటే ఎక్స్‌రెఫ్‌ను సున్నా, సున్నా, సున్నా దగ్గర, స్కేలు ఒకటి, తిప్పుడు సున్నా పెట్టి జతచేస్తే చాలు. అన్నీ సరిగ్గా కొట్టినా డ్రాయింగు పక్కకు పడితే, అసలు ఫైల్లో బేస్ కమాండ్ ఇచ్చి చూడండి. ఎవరో ఆ బేస్ పాయింటును సున్నా నుంచి జరిపి ఉంటారు. దీన్ని కనిపెట్టడానికి మాకు ఒక మధ్యాహ్నం పట్టింది.

ఒప్పందం లేనప్పుడు కలపడానికి ఒక్క బిందువు చాలదు. ఒక్క బిందువు కలిస్తే జరపడం ఒక్కటే తేలుతుంది. రెండో బిందువు కలిస్తేనే తిప్పుడూ, స్కేలూ తేలతాయి. మూడో బిందువు వెరిఫికేషన్‌కు ఉంచుకోవాలి. ఈ మూడూ దూరదూరంగా ఉండాలి, రాయో, పునాది మూలో అయి ఉండాలి. కాలువ గట్టు, చెట్టు, కంచె పనికిరావు.

రెవిట్‌లో పని ఇంకొంచెం కఠినం. అందులో అంతర్గత మూలబిందువు నుంచి 16 కిలోమీటర్ల లోపలే గీతలు ఉండాలి. యు.టి.ఎం. డ్రాయింగును ఉన్నదున్నట్టు అక్కడికి తేవడం కుదరదు. భవనాన్ని సున్నా దగ్గరే ఉంచి, స్థలం డ్రాయింగును లింక్ చేసి, రెండింటికీ తెలిసిన ఒక మూలను కలిపి, దాని నుంచి నిరూపకాలు తీసుకునే ఆదేశం ఇవ్వాలి. నడిమికి నడిమి కలిపే పద్ధతి జోలికి పోవద్దు. డ్రాయింగు మూల ఎవరో ఒక గీత అదనంగా గీస్తే దాని నడిమి మారిపోతుంది, మళ్లీ తెచ్చిన డ్రాయింగు వేరేచోట కూర్చుంటుంది.

సున్నాకు దూరంగా ఉంటే ఏమవుతుందని అడగవచ్చు. ఆటోక్యాడ్ ఫైలు 64 బిట్ల సంఖ్యలు దాచుకుంటుంది, ఫైలుకు నష్టం లేదు. తెర మీద చూపించే చోట సాధారణంగా 32 బిట్ల సంఖ్యలు వాడతారు. 18,41,000 మీటర్ల దగ్గర అలాంటి రెండు పక్కపక్క సంఖ్యల మధ్య దూరం 12.5 సెంటీమీటర్లు. మన నాలుగున్నర అంగుళాల గోడ మందం 11.4 సెంటీమీటర్లే! గీతలు వణకడం, వలయాలు మూలలు తేలడం అందుకే.

ఇంకో రెండు సంగతులు క్లుప్తంగా. పాత టోపో పటాలు ఎవరెస్ట్ గోళాభం మీద, మధ్యభారతంలోని కల్యాణ్‌పూర్‌ను ఆధారంగా చేసుకుని వేసినవి. ఇప్పటి జి.పి.ఎస్. డబ్ల్యు.జి.ఎస్. 84 మీద నడుస్తుంది. రెండింటిలో ఒకే అక్షాంశ రేఖాంశాలు రాసినా మన ప్రాంతంలో స్థానం నూరు మీటర్లకు పైగా తేడా వస్తుంది. యు.టి.ఎం. దూరం కూడా నేల మీద టేపు దూరం కాదు. పెనుగొండ దగ్గర కిలోమీటరుకు సుమారు 32 సెంటీమీటర్లు తక్కువ చూపిస్తుంది. చిన్న భవనానికి లెక్కలేదు గాని కాలువకో రోడ్డుకో లెక్కే. ఎత్తు సంగతి అయితే, జి.పి.ఎస్. ఇచ్చే ముడి ఎత్తు సముద్రమట్టం నుంచి కాదు. మన డెల్టాలో అది రుణ సంఖ్యగా వస్తుంది, కంగారు పడకండి. దాన్ని సముద్రమట్టానికి మార్చకుండా డ్రైనేజీ డ్రాయింగులో మాత్రం పెట్టకండి.

డ్రాయింగు మూల టైటిల్ గడిలో నాలుగు ముక్కలు రాసే అలవాటు చేసుకోండి: ఏ జోన్, ఏ ప్రమాణం, సొంత సున్నా అయితే దాని అసలు నిరూపకాలు, ఉత్తరం ఎంత తిప్పారు. సంక్రాంతి సెలవులకు మేము వచ్చినప్పుడు ఆసక్తి ఉన్నవాళ్లు ఒక టేపు, మూడు మేకులు తెచ్చుకోండి. హాస్టల్ ఆవరణనే కొలిచి, లాప్‌టాప్‌లో కలిపి చూపిస్తాం.