దావీదు సితారా – సౌలు ఈటె

చదువవలసిన భాగములు: 1 సమూయేలు 16:14–23, 18:6–11, 1 రాజులు 19:1–18.



దుఃఖముగాని కోపముగాని పొంగివచ్చినప్పుడు మనము ఏదో ఒక పనిలో పడుదుము. ఒకరు పార పట్టుకొని చేనికి పోవుదురు. ఒకరు ఇల్లంతయు అలుకుదురు. ఒకరు కీర్తన ఎత్తుకొందురు. ఇట్లు మనస్సును మళ్లించుకొనుట అవిశ్వాసమా? కాదు. కుండ పొంగుచున్నప్పుడు మొదట మంట తగ్గింతుము గదా!

సౌలు కలవరపడినప్పుడు దావీదు సితారా వాయించెను; రాజు నెమ్మది పొందెను. అయితే 18వ అధ్యాయము చూడుడి. అదే సౌలు, అదే దావీదు, అదే వాద్యము. కాని ఈసారి రాజు చేతినుండి ఈటె వెడలెను. ఏల? స్త్రీల పాట విన్న దినము మొదలుకొని అతడు దావీదుమీద అసూయపడుచుండెను. దానిని దేవునియెదుట ఒప్పుకొనినట్లు మనము చదువము. సంగీతము గడియను దాటించెను గాని వేరును పెరికివేయలేదు.

ఏలీయా సంగతి వేరు. చావగోరిన ఆ ప్రవక్తను దేవుడు మొదట ప్రశ్నింపలేదు. బదరీవృక్షము క్రింద నిద్రపోనిచ్చెను, రెండు మారులు భోజనము పెట్టించెను. బలము వచ్చిన పిమ్మట హోరేబులో అతనిని అడిగి, అతని మొరను రెండు మారులు వినెను. తరువాత చేయవలసిన పనిని, తోడుగా ఎలీషాను చూపెను. ముందు విశ్రాంతి, పిమ్మట మాట: ఇదే మనము నేర్చుకొనవలసిన క్రమము.

అప్పుల బాధను కల్లు దుకాణములోనో, పేకాటలోనో, అర్ధరాత్రి వరకు ఫోనులోనో మరచినయెడల తెల్లవారుసరికి అప్పు అట్లే యుండును. మన బలము మాత్రము తరిగియుండును.

చావవలెనను తలంపు ఎవరికైనను వచ్చినయెడల, ఇంటివారు వారిని ఒంటరిగా విడువక, పురుగుమందును అందకుండ దూరము చేయవలెను. మాటలతోను పనితోను ఆ గడియను దాటింపవలెను. ఆ ఉద్ధృతి తరచుగా కొంతసేపటికి తగ్గును. తగ్గినదని ఊరకుండక వైద్యునికి చూపవలెను. ప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలీమానస్ వారితో 14416 నంబరుకు ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును.

ఆలోచించుడి:
1. మనము మనస్సు మళ్లించుకొను పని మనకు బలమిచ్చుచున్నదా, బలము తీయుచున్నదా?
2. నెమ్మది కలిగిన తరువాత అసలు సంగతికి తిరిగి వచ్చుచున్నామా?
3. మన పొరుగున బదరీవృక్షము క్రింద పండుకొనినవారు ఎవరు? వారికి ఈ వారము రొట్టె ఎవరు తీసికొనిపోవుదురు?